సందేహాలు – సమాధానాలు: ఒకే అచ్చులో పోసిన కాంక్రీట్ టవర్లు

పూర్వపు పశ్చిమ జర్మనీ తపాలా శాఖ ఒకే నమూనా మీద ఊరూరా కట్టించిన ఆర్‌సీసీ టెలికాం టవర్ల గురించి గత సంచికలో ఒక పేజీ వ్యాసం వేశాము. దానికి మేము అనుకున్నదాని కంటే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఒకే సందేహాన్ని వేర్వేరు మాటల్లో అడిగినవారి ఉత్తరాలను కలిపివేసి, మిగిలిన ఆరింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: మా మేడ మీద నుంచి దూరదర్శన్ వారి టవరు కనిపిస్తుంది. అది ఉక్కుతో కట్టినదే, ఇన్నేళ్లుగా నిలిచే ఉంది. మరి జర్మనీవారు అంత బరువైన కాంక్రీటు జోలికి ఎందుకు వెళ్లారు?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రామంతాపూర్

జవాబు: రెండు టవర్లు చేసే పనులు వేరండీ. రామంతాపూర్ టవరు కార్యక్రమాలను నలువైపులా వెదజల్లడానికి కట్టినది కనుక, నెత్తిన ఉన్న యాంటెన్నా గాలికి కాస్త ఊగినా ఇళ్లలో టీవీ చూసేవారికి తేడా తెలియదు. వ్యాసంలో చెప్పిన టవర్లు అలాంటివి కావు. వేలాది ట్రంక్ కాల్స్‌నూ, టీవీ కార్యక్రమాలనూ ఒక మైక్రోవేవ్ కిరణంలో కూర్చి, ఒక టవరు మీది డిష్ నుంచి నలభై యాభై కిలోమీటర్ల అవతల ఉన్న మరో టవరు మీది డిష్‌కు అందించడమే వాటి పని. ఆప్టికల్ ఫైబర్ రాకముందు దూరప్రాంతపు టెలిఫోన్ వ్యవస్థలో పెద్ద భాగం ఈ వరస మీదే నడిచింది.

ఇందులో మొదటి లెక్క ఎత్తు. ఒక డిష్‌కు మరొక డిష్ కనిపించాలి, మధ్యలో భూమి వంపు అడ్డు రాకూడదు. వాతావరణంలో రేడియో తరంగం స్వల్పంగా కిందికి వంగుతుంది కాబట్టి, మీటర్లలో టవరు ఎత్తుకు వర్గమూలం తీసి 4.12తో గుణిస్తే అది ఎన్ని కిలోమీటర్ల దూరం చూడగలదో వస్తుంది. హైదరాబాద్ నుంచి భువనగిరి దాకా దాదాపు 50 కిలోమీటర్లు. గుట్టలను కాసేపు మరచిపోయి నేలంతా చదునుగా ఉందనుకుంటే, చెరొక 25 కిలోమీటర్లు చూడడానికి రెండు చోట్లా సుమారు 37 మీటర్ల టవర్లు కావాలి. తరంగం గీత గీసినట్టు సన్నగా పోదు, నడుమ లావెక్కుతుంది. 6 గిగాహెర్ట్జ్ దగ్గర ఆ లావు కోసం మరో 15 మీటర్లు, చెట్లకూ ఇళ్లకూ ఒక 20 మీటర్లు కలిపితే మొత్తం 70 మీటర్లు దాటుతుంది. మాంచెస్టర్ హీటన్ పార్కులో ఉన్న బ్రిటిష్ కాంక్రీట్ టవరు ఎత్తు 73 మీటర్ల లోపే. ఈ లెక్క తెలిస్తే అది ఎవరో సరదాకు ఎంచుకున్న ఎత్తు కాదని అర్థమవుతుంది. మనకు మౌలాలి, భువనగిరి వంటి గుట్టలు ఉన్నాయి కనుక గుట్ట నెత్తిన పొట్టి టవరుతోనే పని జరుగుతుంది.

రెండవ లెక్క కోణం. కాంక్రీటు ప్రస్తావన వచ్చేది ఇక్కడే. 3 మీటర్ల డిష్ నుంచి 6 గిగాహెర్ట్జ్ వద్ద వెలువడే కిరణం వెడల్పు ఇంచుమించు 1.2 డిగ్రీలు, అంటే ఇరువైపులా 0.6 డిగ్రీ. డిష్ ఒక డిగ్రీ పక్కకు తిరిగితే 50 కిలోమీటర్ల అవతల కిరణం 870 మీటర్ల పక్కన పడుతుంది. కనుక ఇటువంటి టవరు కూలకుండా నిలిస్తే సరిపోదు, తుఫానులో కూడా దాని తల తిరగకూడదు. ఉక్కు జాలీ టవరును కూడా ఆ మేరకు బిగువుగా కట్టవచ్చు, కట్టారు కూడా. అయితే బోలుగా, గుండ్రంగా పోసిన కాంక్రీట్ స్తంభానికి ఆ బిగువు పుట్టుకతోనే వస్తుంది. పైగా యంత్రాల గదిని డిష్‌ల పక్కనే, పైన పెట్టుకోవచ్చు. గది కిందే ఉంటే డిష్ నుంచి పొడవైన వేవ్‌గైడ్ గొట్టం దింపాలి, దారిలోనే కొంత సిగ్నల్ హరించుకుపోతుంది. కాంక్రీట్ టవరులో రాత్రివేళ వాన కురుస్తున్నా మరమ్మతు చేసే మనిషి స్తంభం లోపలి నిచ్చెన మీదుగా తడవకుండా పైకి వెళ్లగలడు. ఈ చివరి సౌకర్యాన్ని పుస్తకాల్లో తక్కువగా రాస్తారు గానీ, వానలో జాలీ టవరు ఎక్కినవారిని అడిగితే దాని విలువ చెబుతారు.

ప్రశ్న: ‘ప్రామాణిక నమూనా’ అంటే ఒకే డ్రాయింగు తీసుకుని ఎక్కడపడితే అక్కడ కట్టేయడమేనా? హైదరాబాదులో నిలిచిన టవరు విశాఖపట్నంలో కూడా నిలుస్తుందా?
– సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థిని, తార్నాక

జవాబు: వచ్చిన ఉత్తరాలన్నిటిలో మాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. ఒకే డ్రాయింగును అన్నిచోట్లా దించడం ప్రామాణీకరణ కాదు. ఊరు మారినా మారనివి ఏవో, ఊరితోపాటు మారేవి ఏవో ముందుగానే విడదీసి, మారనివాటికి మాత్రమే ఒక అచ్చు తయారుచేయడం ప్రామాణీకరణ. జర్మన్ తపాలా శాఖ తన టవర్లకు, టెలికాం టవరు అని అర్థం వచ్చే ‘ఫెర్న్‌మెల్డెటుర్మ్’ అనే మాటను కుదించి ‘ఎఫ్‌ఎంటీ’ అని పేరు పెట్టి, పక్కన ఒక్కొక్క రకానికి ఒక సంఖ్య వేసింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1979లో పూర్తయిన 337.5 మీటర్ల టవరు వంటివి ఈ లెక్కలోకి రావు, అవి ఆ నగరం కోసమే విడిగా రూపొందించినవి. చిన్న ఊళ్ల శివార్లలో, అడవి గుట్టల మీద నిలిచిన మామూలు టవర్లే ఈ సంఖ్యల కుటుంబంలో ఉంటాయి. బ్రిటన్‌లో కూడా 1950ల మధ్యలో తలపెట్టిన ‘బ్యాక్‌బోన్’ అనే మైక్రోవేవ్ వరస కోసం హీటన్ పార్క్, పై గ్రీన్, స్టోకెన్‌చర్చ్ వంటి చోట్ల అన్నదమ్ముల పోలిక ఉన్న కాంక్రీట్ టవర్లు లేచాయి. అణుయుద్ధం వచ్చి పెద్ద నగరాలు పోయినా దేశం ఫోన్లు మూగపోకూడదని, ఆ వరసను పెద్ద నగరాలకు ఎడంగా నడిపించారు.

ఇక మీరు అడిగిన పోలికకు వద్దాము. 60 మీటర్ల ఎత్తు, 4 మీటర్ల బయటి వ్యాసం, 25 సెంటీమీటర్ల గోడ మందం ఉన్న ఒక బోలు స్తంభాన్ని ఊహించండి. పైన 3 మీటర్ల డిష్‌లు ఎనిమిది ఉన్నాయనుకోండి. ఇది కేవలం అవగాహన కోసం వేసే చిత్తు లెక్క, దీనితో ఎవరూ కట్టడానికి పూనుకోకూడదు.

స్తంభానికి పట్టే కాంక్రీటు 177 ఘనపు మీటర్లు, బరువు సుమారు 440 టన్నులు. కట్టడాల మీద పడే భారాలను చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడవ భాగం ప్రకారం హైదరాబాదుకు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 44 మీటర్లు. వేగం వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1,160 న్యూటన్ల పీడనం, అంటే దాదాపు 118 కిలోల తోపుడు వస్తుంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి బలపడుతుంది గానీ ఆ సవరణను ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాము. గుండ్రని స్తంభం గాలిని పక్కలకు జారవిడుస్తుంది కనుక 0.7 గుణకం వేసుకుంటే, స్తంభం మొత్తం మీద పడేది 20 టన్నుల లోపు. అది సగం ఎత్తున పనిచేస్తుందనుకుంటే స్తంభం అడుగున పడే వంపు భారం (బలాన్ని ఎత్తుతో గుణిస్తే వచ్చేది) 595 టన్ను-మీటర్లు. ఇప్పుడు డిష్‌లను చూడండి. ఒక్కొక్కదాని మీద పడేది 1.2 టన్నులకు లోపే అయినా, ఎనిమిదీ కలిసి 55 మీటర్ల ఎత్తున తోస్తే 514 టన్ను-మీటర్లు అవుతుంది. మొత్తం స్తంభం వల్ల ఎంత వంపు వచ్చిందో, ఎనిమిది పళ్లేల వల్ల దాదాపు అంతా వచ్చింది. అందుకే ప్రామాణిక టవరు రూపశిల్పి ముందుగా అడిగే ప్రశ్న ‘ఎంత ఎత్తు’ అన్నది కాదు, ‘ఎన్ని డిష్‌లు, ఎంత పెద్దవి’ అన్నది. ఎఫ్‌ఎంటీ రకాలు ఒకదాని నుంచి మరొకటి వేరుగా కనిపించేది కూడా ముఖ్యంగా తలభాగంలోనే.

పునాదిగా 12 మీటర్ల వ్యాసం, ఒకటిన్నర మీటరు మందం ఉన్న గుండ్రని రాఫ్ట్, అంటే అడుగంతా పరిచే కాంక్రీటు పలక, వేశామనుకోండి. దాని బరువు 425 టన్నులు, స్తంభంతో కలిపి 865. పునాది అడుగున లెక్కిస్తే వంపు భారం 1,150 టన్ను-మీటర్ల చిల్లర అవుతుంది. దానిని బరువుతో భాగిస్తే 1.33 మీటర్లు. గుండ్రని పునాదికి ఈ సంఖ్య వ్యాసంలో ఎనిమిదో వంతు, అనగా ఇక్కడ 1.5 మీటర్లు, దాటనంతవరకు గాలి తగిలే వైపు అంచు నేల వదలి లేవదు. హైదరాబాదులో గట్టెక్కాము.

ఇదే టవరును విశాఖపట్నం తీసుకుపోదాము. అక్కడ ప్రాథమిక వేగం సెకనుకు 50 మీటర్లు. దీనికి తోడు, తుఫాను తరువాత తప్పనిసరిగా పనిచేయవలసిన కట్టడాలకు తూర్పు తీరంలో వేగాన్ని మరో 1.3తో గుణించాలని అదే ప్రమాణానికి 2015 నాటి సవరణ చెబుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు నగరంలో ఫోన్లు మూగపోయిన రోజులు గుర్తున్నవారికి టెలికాం టవరు ఏ కోవలోకి వస్తుందో చెప్పనక్కరలేదు. వేగం 65కు పెరుగుతుంది, పీడనం వేగం వర్గాన్ని అనుసరిస్తుంది కనుక గాలి భారం 2.18 రెట్లవుతుంది. పాత 12 మీటర్ల రాఫ్ట్ చాలదు, అదే మందంతో వ్యాసాన్ని 16.5 మీటర్లకు పెంచితే గానీ అంచు లేవడం ఆగదు. పునాది కాంక్రీటు 170 ఘనపు మీటర్ల నుంచి 320కి చేరుతుంది. స్తంభంలో నిలువు ఇనుము కూడా పెరుగుతుంది. అయితే స్తంభం బయటి కొలత మారలేదు, షట్టరింగు మారలేదు, పైన డిష్‌లు బిగించే వేదిక మారలేదు, నిచ్చెన, కేబుల్ దారి, తలుపులు ఏవీ మారలేదు. అచ్చు అంటే అదీ. నేల కిందిది ఊరిది, నేల మీదిది నమూనాది.

హైదరాబాదులో గాలి సులువే గానీ నేల మోసం చేస్తుంది. మన దగ్గర తవ్వితే రాయి తగలడం మామూలే. ఆ తగిలినది పరుపు రాయా, లేక మొరంలో కూరుకుపోయిన విడి గుండా అన్నది చూడకుండా పునాది పోస్తే, సగం రాతి మీద, సగం మొరం మీద కూర్చుంటుంది. 12 మీటర్ల రాఫ్ట్‌లో ఒక అంచు మరొక అంచు కంటే 2 సెంటీమీటర్లు ఎక్కువ దిగితే, 60 మీటర్ల పైన తల 10 సెంటీమీటర్లు ఒరుగుతుంది, కోణం దాదాపు 0.1 డిగ్రీ. పగులు పట్టని స్తంభాన్ని 44 మీటర్ల గాలి వంచేది కూడా ఇంచుమించు అంతే. అంటే ఒక మోస్తరు పునాది తప్పు, తుఫాను గాలి చేసే పనిని ఏడాది పొడుగునా చేస్తూ ఉంటుంది.

ప్రశ్న: ఇంత ఎత్తు స్తంభానికి సెంట్రింగ్ ఎలా కడతారు? మధ్యలో అతుకులు రావా?
– ఒక బిల్డింగ్ కాంట్రాక్టరు, బోడుప్పల్

జవాబు: కింది నుంచి పరంజా కట్టుకుంటూ వెళ్లరు. రెండు పద్ధతులున్నాయి. మొదటిది, సుమారు మీటరు పైచిలుకు ఎత్తున్న షట్టరింగు వలయంలో పోసి, గట్టిపడ్డాక విప్పి, ఆ గోడనే ఆధారం చేసుకుని పైకి ఎక్కించడం. రెండవది స్లిప్‌ఫామ్. ఇందులో షట్టరింగును విప్పరు. గోడలో నిలిపిన కడ్డీల మీద హైడ్రాలిక్ జాకీలు పాకుతూ, అచ్చును గంటకు ఇరవై ముప్ఫై సెంటీమీటర్ల చొప్పున పగలూ రాత్రీ పైకి లాగుతూ ఉంటాయి. కింది అంచు నుంచి బయటపడే కాంక్రీటు వేలితో నొక్కితే దిగబడనంత బిగువుగానూ, తాపీ ఆడిస్తే నున్ననయ్యేంత పచ్చిగానూ ఉండాలి. మన మే నెల మధ్యాహ్నం ఆ అదను పట్టడం కష్టం. తొందరగా బిగుసుకుంటే అచ్చు కాంక్రీటును పట్టుకుని ఈడ్చి అడ్డపు పగుళ్లు తెస్తుంది. అందుకే నీటిని చల్లబరచడం, గట్టిపడటాన్ని ఆలస్యం చేసే రసాయనం కలపడం తప్పవు.

మా కాలనీలో ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టినప్పుడు ఈ రచయిత లోపలి నిచ్చెన ఎక్కి చూశాడు. అక్కడ మొదటి పద్ధతి వాడారు. టార్చి వేసి చూస్తే గోడ మీద ప్రతి మీటరుకూ ఒక వలయంలా అతుకు గీత కనిపించింది. నాలుగింట మూడు గీతలు శుభ్రంగా ఉన్నాయి. ఒకచోట మాత్రం వైబ్రేటరు సరిగా దించక కంకర తేనెపట్టులా తేలి, అందులో నుంచి నీరు ఊరి, తెల్లని సున్నపు చార కిందికి జారింది. ఆ కంకర సందులో బొటనవేలు పట్టింది. ఇనుము మీద నాలుగు సెంటీమీటర్ల కవరు, అంటే ఇనుమును కప్పే కాంక్రీటు పొర, ఉండాలని డ్రాయింగు చెబుతుంది. ఆ సందు దగ్గర కవరు ఉన్నట్టా లేనట్టా? ఒకే నమూనాను పదే పదే కట్టే శాఖకు ఉన్న అసలు లాభం ఇక్కడ ఉంది. అదే వలయపు షట్టరింగును, అదే జట్టును ఒక స్థలం నుంచి మరో స్థలానికి తిప్పితే, మూడో టవరు దగ్గరికి వచ్చేసరికి వైబ్రేటరు పట్టినవాడికి ఆ అతుకు ఎక్కడ మొరాయిస్తుందో చేతికి తెలిసిపోతుంది.

ప్రశ్న: మా అపార్టుమెంటు టెర్రస్ మీద సెల్ టవరు పెడతామంటున్నారు. ఉక్కు కంటే కాంక్రీటుదైతే మేలని కొందరు అంటున్నారు. నిజమేనా?
– ఒక గృహిణి, అత్తాపూర్

జవాబు: కాదమ్మా. పై లెక్కలో చూశారు కదా, కాంక్రీట్ స్తంభం వందల టన్నుల వ్యవహారం, దానికి నేలలో సొంత పునాది కావాలి. మేడ మీద పెట్టగలిగేది తేలికైన ఉక్కు స్తంభమే. అది కూడా స్లాబు నడుమ కాకుండా కింది పిల్లర్ల నెత్తిన నిలిచేలా ఉండాలి. మీ భవనం అసలు డ్రాయింగులు చూసి స్ట్రక్చరల్ ఇంజినీరు రాతపూర్వకంగా ఇచ్చే ధ్రువపత్రం చేతికి వచ్చేవరకూ సంతకం పెట్టవద్దు.

ప్రశ్న: నేను ముప్ఫై ఏళ్లు మైక్రోవేవ్ విభాగంలో పనిచేశాను. మనవన్నీ ఉక్కు టవర్లే. మనం కాంక్రీటువి ఎందుకు కట్టలేదు? ఇప్పుడు విదేశాల్లో ఆ టవర్లు ఏమయ్యాయి?
– ఒక విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగి, సైదాబాద్

జవాబు: మీకు తెలియనిది మేము చెప్పగలిగేది కొంచెమే. జాలీ టవరును కర్మాగారంలో ముక్కలుగా కోసి, జింకు పూత పూసి, లారీలో గుట్ట మొదలుదాకా తెచ్చి, అక్కడి నుంచి మనుషుల భుజాల మీద మోసి బోల్టులు బిగించవచ్చు. కాంక్రీటు కావాలంటే ఆ గుట్ట మీదికి నీరు, కంకర, సిమెంటు, వాటితోపాటు రోడ్డు కూడా ఎక్కాలి. ఈ ఒక్క కారణమే చాలావరకు సరిపోతుందని మా అభిప్రాయం. మనవారికి కాంక్రీటు చేతకాక కాదు. ఢిల్లీ పీతంపురాలో 1988లో 235 మీటర్ల టీవీ టవరు, రామేశ్వరంలో 323 మీటర్ల దూరదర్శన్ టవరు కాంక్రీట్ స్తంభాల మీదే లేచాయి. రామగుండం, పాల్వంచ పొగగొట్టాలు కూడా ఇదే విద్య. మన దగ్గర ఆర్‌సీసీ పొగగొట్టాలకు ఐఎస్ 4998 అనే ప్రమాణం ఉంది, ఇలాంటి బోలు స్తంభపు లెక్కకు దానిలోని పద్ధతి చాలావరకు పనికివస్తుంది.

విదేశాలలో ఫైబర్ వచ్చి మైక్రోవేవ్ వరసలను ఖాళీ చేయించింది. టవర్లు మాత్రం ఎఫ్ఎం రేడియోకు, మొబైల్ యాంటెన్నాలకు అక్కరకు వచ్చాయి. 1965 అక్టోబరు 8న తెరిచిన లండన్ పోస్టాఫీసు టవరు నుంచి పాత డిష్‌లను 2011లో దించేశారు. 2024 ఫిబ్రవరిలో దానిని 27.5 కోట్ల పౌండ్లకు ఒక హోటల్ సంస్థకు అమ్ముతున్నట్టు ప్రకటించారు.

ఈ వంశానికి మూలపురుషుడనదగినది ఫ్రిట్జ్ లియోన్‌హార్ట్ రూపొందించిన స్టట్‌గార్ట్ టీవీ టవరు. అది 1956 ఫిబ్రవరి 5న తెరుచుకుంది. దాని స్తంభానికి ఏమీ కాకపోయినా, మంటలు లేస్తే జనం దిగే దారి చాలదని 2013లో మూసివేసి, మార్పులు చేశాక 2016లో తిరిగి తెరిచారు. బోలు స్తంభానికి ఉన్న జబ్బు అదే, లోపల కేబుళ్లకు నిప్పంటుకుంటే అది పొగగొట్టమై కూర్చుంటుంది. 2000 ఆగస్టు 27న మాస్కో ఒస్తాంకినో టవరులో మంటలు చెలరేగినప్పుడు కాంక్రీటును బిగించి పట్టే ఉక్కు తాళ్లలో చాలా భాగం తెగిపోయాయి. 540 మీటర్ల టవరు అయినా నిలిచింది. దాని పునాది లోతు అయిదు మీటర్లయినా లేదని తెలిస్తే మీ పాత సహోద్యోగులు నమ్మకపోవచ్చు.

ప్రశ్న: ఎండకు కూడా టవరు వంగుతుందని మా సార్ చెప్పారు. మేము చూడగలమా?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, మల్కాజ్‌గిరి

జవాబు: మీ సార్ చెప్పింది నిజమే. ఎండ తగిలే వైపు గోడ వేడెక్కి సాగుతుంది, నీడ వైపు సాగదు, తల ఎండకు ఎదురు దిక్కుకు వాలుతుంది. రెండు వైపులకూ 10 డిగ్రీల తేడా ఉంటే, పైన చెప్పిన 60 మీటర్ల స్తంభం కొన నాలుగున్నర సెంటీమీటర్లు జరుగుతుంది. పొద్దున పడమటికి, సాయంత్రం తూర్పుకి. మీ పేటలోని 20 మీటర్ల వాటర్ ట్యాంకు స్తంభంలో ఇది అర సెంటీమీటరుకు మించదు. లోపల పై నుంచి సన్నని తీగకు, మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండు వేలాడదీసి, దాని మొనను నూనె గిన్నెలో ముంచి ఊపు ఆపి, పక్కన గ్రాఫ్ కాగితం పెట్టి ఉదయం ఎనిమిదికి ఒకసారి, సాయంత్రం నాలుగున్నరకు ఒకసారి చూస్తే తేడా తెలియాలి. వాటర్ బోర్డు వారి అనుమతి తీసుకుని, మీ సార్‌ను వెంటబెట్టుకుని మాత్రమే లోపలికి వెళ్లండి. కొలతలు మాకు పంపితే వచ్చే సంచికలో వేస్తాము.